సెక్యూర్ కనెక్షన్ కోడ్‌లో ఎర్రర్ హ్యాండ్లింగ్ బగ్గులు: తరచుగా అడిగే ప్రశ్నలు

సీ భాషలో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీతో టీఎల్‌ఎస్ (నెట్‌వర్క్‌లో డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి పంపే ప్రోటోకాల్) కనెక్షన్ కోడ్ రాసేవాళ్ల కోసం, అంతకంటే ఎక్కువగా వేరేవాళ్లు రాసిన కోడ్‌ను సరిచేయాల్సి వచ్చినవాళ్ల కోసం ఈ పేజీ. 3.ఎక్స్ వెర్షన్లను దృష్టిలో పెట్టుకున్నాం. 1.1.1కు ఉచిత సపోర్ట్ 2023 సెప్టెంబరులోనే ముగిసింది, కానీ ఆ కోడ్ ఇంకా చాలాచోట్ల నడుస్తోంది కాబట్టి తేడా ఉన్నచోట చెప్పాం. ఎర్రర్ కోడ్ల ముందుండే ‘ఎస్‌ఎస్‌ఎల్_ఎర్రర్_’ వదిలేసి వాంట్_రీడ్, సిస్‌కాల్ అని పొట్టిగా రాశాం. ఫంక్షన్లు, ఫ్లాగుల పేర్లను కూడా కొన్నిచోట్ల ఇలాగే కుదించాం.

ఎర్రర్ హ్యాండ్లింగ్ బగ్ అంటే మహా అయితే కనెక్షన్ తెగిపోతుంది. దానికింత హడావిడి ఎందుకు?

తెగిపోయే రకం గురించి అంత బెంగ అక్కర్లేదు. యూజర్లు ఫోన్ చేస్తారు, టికెట్ వస్తుంది, ఎవరో ఒకరు సరిచేస్తారు. తెగాల్సిన కనెక్షన్ తెగకుండా నడిచిపోయే రకమే కొంప ముంచుతుంది. దాని మీద ఫిర్యాదు రాదు, ఎందుకంటే అన్నీ పనిచేస్తూనే ఉంటాయి.

ఆపిల్ 2014 ఫిబ్రవరిలో ఐఓఎస్ 7.0.6తో సరిదిద్దిన సీవీఈ-2014-1266 చూడండి (సీవీఈ అంటే బయటపడిన భద్రతా లోపానికి ఇచ్చే గుర్తింపు నంబరు). సర్వర్ పంపిన కీ ఎక్స్ఛేంజ్ మెసేజ్ మీది సంతకాన్ని సరిచూసే ఫంక్షన్ అది. అందులో ‘గోటు ఫెయిల్’ అనే లైను వెంటవెంటనే రెండుసార్లు పడింది. బ్రాకెట్లు లేని ఇఫ్ కింద మొదటిది మాత్రమే షరతుకు చెందుతుంది. రెండోది షరతు లేకుండా ప్రతిసారీ నడుస్తుంది. అప్పటికి ఎర్రర్ వేరియబుల్‌లో ఉన్నది 0, అంటే సక్సెస్. సంతకాన్ని నిజంగా సరిచూసే లైను ఇంకా కిందుంది, కోడ్ అక్కడిదాకా రాదు. ఫెయిల్ అని పేరు పెట్టిన చోటికి దూకి, అంతా బాగుందని చెప్పి వెనక్కి వచ్చేది.

అదే ఏడాది మార్చిలో గ్నూటీఎల్‌ఎస్‌లో సీవీఈ-2014-0092 బయటపడింది. సర్టిఫికెట్ జారీచేసినవాళ్లకు ఆ అధికారం ఉందా లేదా చెప్పే ఫంక్షన్ 1 గానీ 0 గానీ ఇవ్వాలి. లోపల ఏదైనా తేడా వస్తే నెగెటివ్ విలువ బయటికొచ్చేది. కాల్ చేసిన కోడ్ ‘0 కాదు కదా, అయితే అవును’ అనుకునేది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కూడా దీనికి అతీతం కాదు. 0.9.8జె వెర్షన్‌లో సరిచేసిన సీవీఈ-2008-5077లో సంతకం సరిచూసే ఫంక్షన్ ఇచ్చిన -1ను సక్సెస్ లెక్కలో వేసుకున్నారు.

మూడు లైబ్రరీలు, మూడు బృందాలు, ఒకటే పొరపాటు. ఖాయంగా సక్సెస్ అని తేలనిదాన్ని సక్సెస్‌గా వదిలేశారు.

రిటర్న్ విలువను ఎలా పోల్చాలి?

సక్సెస్ విలువ ఏదో డాక్యుమెంటేషన్‌లో చూసి, సరిగ్గా దానితోనే పోల్చండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో ఎక్కువ ఫంక్షన్లకు అది 1. అందుకని ‘1కి సమానమా’ అని అడగాలి. ‘0 కాదా’ అని అడిగితే -1 కూడా లోపలికి వచ్చేస్తుంది. ‘0 కంటే తక్కువా’ అని ఫెయిల్యూర్ కోసం చూస్తే 0 తప్పించుకుంటుంది.

గ్నూటీఎల్‌ఎస్, ఎంబెడ్ టీఎల్‌ఎస్‌లలో సక్సెస్ 0. ఒక లైబ్రరీ నుంచి ఇంకోదానికి మారే ప్రాజెక్టుల్లో ఈ తేడా దగ్గర ప్రతి ఇఫ్‌ను మనిషి కళ్లతో చదవాల్సిందే. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లోపలే ఇంకో మలుపుంది. ఎస్‌ఎస్‌ఎల్_రీడ్ బైట్ల లెక్క ఇస్తుంది. 1.1.1లో వచ్చిన ఎస్‌ఎస్‌ఎల్_రీడ్_ఈఎక్స్ మాత్రం 1 లేదా 0 ఇస్తుంది, బైట్ల లెక్కను వేరే పాయింటర్‌లో పెడుతుంది. పాత కోడ్‌లో ఫంక్షన్ పేరు మాత్రం మార్చి, కింద ‘0 కంటే తక్కువైతే ఎర్రర్’ అనే చెక్‌ను అలాగే ఉంచితే ఇక ఏ ఎర్రరూ పట్టుబడదు.

మీ సొంత ఫంక్షన్లలో రిజల్ట్ వేరియబుల్‌ను ఫెయిల్యూర్‌తో మొదలుపెట్టండి. అన్ని చెక్‌లూ దాటాక, చిట్టచివర ఒకే ఒక్క చోట సక్సెస్‌గా మార్చండి. అప్పుడు మధ్యలో ఎక్కడినుంచి పొరపాటున దూకినా బయటికొచ్చేది ఫెయిల్యూరే. దీనికి ఖర్చేమీ లేదు, ఆపిల్ కోడ్‌లో ఇదొక్కటి ఉన్నా ఆ రెండో లైను కనెక్షన్లను ఆపేసేది, మర్నాడే దొరికిపోయేది.

ఎస్‌ఎస్‌ఎల్_రీడ్ -1 ఇచ్చింది. ఆ తర్వాత సరైన వరస ఏంటి?

నిజానికి వరస రీడ్‌కు ముందే మొదలవుతుంది.

1. కాల్‌కు ముందు ఈఆర్‌ఆర్_క్లియర్_ఎర్రర్‌తో లైబ్రరీ తన ఎర్రర్లను దాచుకునే ఎర్రర్ క్యూ ఖాళీ చేయండి. సిస్టమ్ కాల్ ఎర్రర్ నంబరు ఉండే ఎర్‌నోను 0 చేయండి.
2. ఎస్‌ఎస్‌ఎల్_రీడ్ పిలవండి.
3. రిటర్న్ 0 లేదా అంతకంటే తక్కువైతే, ఇంకే పనీ చేయకముందే ఎర్‌నోను లోకల్ వేరియబుల్‌లోకి తీసుకోండి. లాగ్ రాసే ఫంక్షన్ కూడా దాన్ని మార్చేయగలదు.
4. అదే థ్రెడ్‌లో, అదే రిటర్న్ విలువతో ఎస్‌ఎస్‌ఎల్_గెట్_ఎర్రర్ పిలవండి.
5. వచ్చిన కోడ్‌ను బట్టి దారి ఎంచుకోండి.

ఆ కోడ్లలో రోజూ ఎదురయ్యేవి ఐదు. వాంట్_రీడ్ (2), వాంట్_రైట్ (3) అసలు ఎర్రర్లే కావు, సాకెట్ సిద్ధమయ్యాక అదే ఫంక్షన్‌ను మళ్లీ పిలవమని అర్థం. జీరో_రిటర్న్ (6) అంటే అవతలివాళ్లు క్లోజ్_నోటిఫై (ఇక పంపేది లేదని చెప్పే మెసేజ్) పంపి పద్ధతిగా ముగించారు. సిస్‌కాల్ (5) అంటే సాకెట్ స్థాయిలో దెబ్బ తగిలింది, కారణం ఎర్‌నోలో ఉంటుంది. లినక్స్‌లో 104 అయితే కనెక్షన్ రీసెట్, 32 అయితే బ్రోకెన్ పైప్. ఎస్‌ఎస్‌ఎల్ (1) అంటే ప్రోటోకాల్ స్థాయిలో ఫెయిల్, వివరం క్యూలో ఉంటుంది. చివరి రెండూ వచ్చాక ఆ కనెక్షన్ పని అయిపోయినట్టే. దాని మీద మళ్లీ చదవడం, రాయడం, షట్‌డౌన్ పిలవడం ఏదీ చేయకూడదు.

స్విచ్‌లో డీఫాల్ట్ శాఖ తప్పనిసరిగా ఉండాలి, అది కనెక్షన్‌ను మూసేయాలి. సీవీఈ-2021-4044 గుర్తుంచుకోండి. 3.0.0లో సర్టిఫికెట్ చెక్ చేస్తుండగా మెమరీ చాలకపోవడం లాంటి అంతర్గత ఎర్రర్ వస్తే, అప్లికేషన్ కలలో కూడా ఊహించని వాంట్_రీట్రై_వెరిఫై అనే కోడ్ బయటికొచ్చేది. డీఫాల్ట్‌లో ‘ఏమీ చేయకు, మళ్లీ తిరుగు’ అని రాసుకున్న ప్రోగ్రాములు లూప్‌లో ఇరుక్కుపోయే ప్రమాదం ఉండేది. 3.0.1లో సరిచేశారు.

అప్పుడప్పుడూ, ఏ కారణం లేకుండా మంచి కనెక్షన్ ‘ఎస్‌ఎస్‌ఎల్’ ఎర్రర్‌తో తెగిపోతోంది. లోడ్ ఎక్కువైతే ఇంకా ఎక్కువగా.

ముందు పాత ఎర్రర్ మిగిలిపోయిందేమో చూడండి. ఎర్రర్ క్యూ కనెక్షన్‌కు ఒకటి కాదు, థ్రెడ్‌కు ఒకటి. ఒకే థ్రెడ్ వందల కనెక్షన్లను చూసుకునే ఈవెంట్ లూప్ సర్వర్‌లో ఒక కనెక్షన్ వదిలిపెట్టిన ఎర్రర్ ఇంకోదాని నెత్తిన పడుతుంది.

ఎలాగంటే, ఎస్‌ఎస్‌ఎల్_గెట్_ఎర్రర్ తనకు ఇచ్చిన రిటర్న్ విలువ పాజిటివ్ కాదని తెలియగానే మొదట క్యూలోకి తొంగిచూస్తుంది. అక్కడ ఏదైనా ఉంటే వాంట్_రీడ్ దాకా వెళ్లదు, వెంటనే ‘ఎస్‌ఎస్‌ఎల్’ అని తేల్చేస్తుంది. మీ నాన్‌బ్లాకింగ్ (డేటా కోసం ఆగని) రీడ్ కేవలం డేటా ఇంకా రాలేదని -1 ఇచ్చినా సరే.

ఆ పాత ఎర్రర్ ఎక్కడిది? ఎక్కువసార్లు పట్టుబడే దొంగ పీఈఎమ్ ఫైలు (సర్టిఫికెట్లను టెక్స్ట్‌గా ఉంచే ఫైలు). సీఏ (సర్టిఫికెట్లు జారీచేసే సంస్థ) బండిల్ నుంచి సర్టిఫికెట్లను పీఈఎమ్_రీడ్_బయో_ఎక్స్509తో లూప్‌లో చదువుతారు. అన్నీ అయిపోయాక చివరి కాల్ నల్ ఇస్తుంది, లూప్ ఆగుతుంది, అంతా సజావుగా ఉన్నట్టే కనిపిస్తుంది. కానీ ఆ చివరి కాల్ ‘నో స్టార్ట్ లైన్’ అనే ఎర్రర్‌ను క్యూలో వదిలి వెళ్తుంది. సర్టిఫికెట్లను రీలోడ్ చేసిన వెంటనే కొన్ని కనెక్షన్లు తెగుతున్నాయంటే అనుమానం ఇక్కడే పెట్టుకోవాలి. తెగిన కనెక్షన్ లాగ్‌లో ‘నో స్టార్ట్ లైన్’ కనిపిస్తే ఇక అనుమానం కూడా అక్కర్లేదు.

ప్రతి రీడ్, రైట్, కనెక్ట్, యాక్సెప్ట్, షట్‌డౌన్‌కు ముందు క్లియర్ చేయడమే మందు. ఆ లూప్ చివర కూడా క్లియర్ చేయండి, కానీ ముందు క్యూలో ఉన్నది నిజంగా ‘నో స్టార్ట్ లైన్’ అవునో కాదో చూడండి. పాడైన సర్టిఫికెట్ వల్ల లూప్ మధ్యలోనే ఆగి ఉంటే ఆ సంగతి కూడా అక్కడే తెలుస్తుంది.

సీపీయూ 100 శాతానికి వెళ్లి అక్కడే ఉంటోంది.

వాంట్_రీడ్ రాగానే పోల్ (సాకెట్ సిద్ధమయ్యేదాకా ఆగే కాల్) దగ్గర ఆగకుండా మళ్లీ రీడ్ పిలుస్తున్నారు, లేదా 0 రిటర్న్‌ను ‘ఇంకా డేటా రాలేదు’ అనుకుని తిరుగుతున్నారు. స్ట్రేస్ (ప్రోగ్రాం చేసే సిస్టమ్ కాల్స్ చూపించే టూల్) పెట్టి చూడండి. రీడ్ కాల్స్ వరదలా ‘ఈఎగైన్’ (ఇప్పుడు డేటా లేదు, మళ్లీ ప్రయత్నించు) ఇస్తుంటే మొదటిది, ప్రతిసారీ 0 ఇస్తుంటే రెండోది.

దీనికి వ్యతిరేక దిశలో ఇంకో బగ్ ఉంది, దాన్ని పట్టుకోవడం కష్టం. డేటా వచ్చినా ప్రోగ్రాం పోల్‌లోనే కూర్చుంటుంది. టీఎల్‌ఎస్ రికార్డులో 16,384 బైట్ల దాకా డేటా ఉండొచ్చు. మీరు 4,096 అడిగితే మిగతాది లైబ్రరీ బఫర్‌లో ఉంటుంది. సాకెట్ మాత్రం ఖాళీ, పోల్‌కు ఏమీ కనిపించదు. పోల్‌కు వెళ్లేముందు వాంట్_రీడ్ వచ్చేదాకా చదవండి, లేదా ఎస్‌ఎస్‌ఎల్_పెండింగ్ అడగండి.

బ్లాకింగ్ సాకెట్‌కు 30 సెకన్ల టైమౌట్ పెట్టాం. అయినా కనెక్షన్ గంటల తరబడి వేలాడుతోంది.

రిసీవ్ టైమౌట్ సాకెట్ ఆప్షన్ పెట్టినప్పుడు, గడువు దాటితే కెర్నెల్ ‘ఈఎగైన్’ ఇస్తుంది. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ దాన్ని వాంట్_రీడ్‌గా మార్చి మీకిస్తుంది. మీ కోడ్ ‘వాంట్_రీడ్ అంటే మళ్లీ పిలవాలి కదా’ అని మళ్లీ పిలుస్తుంది. ఇంకో 30 సెకన్లు, మళ్లీ అదే. టైమౌట్ పనిచేస్తూనే ఉంది, మీ లూపే దాన్ని మింగేస్తోంది.

బ్లాకింగ్ సాకెట్ మీద వాంట్_రీడ్ వస్తే దాన్ని టైమౌట్‌గానే చూడండి. అంతకంటే మంచిది, మోనోటానిక్ గడియారంతో మొత్తం పనికి ఒక డెడ్‌లైన్ పెట్టుకుని ప్రతి చుట్టులో దాన్ని చూసుకోవడం. హ్యాండ్‌షేక్‌కు (కనెక్షన్ మొదట్లో కీలు, సర్టిఫికెట్లు తేల్చుకునే దశకు) ఇది మరీ ముఖ్యం. ప్రతి 29 సెకన్లకు ఒక బైటు పంపే క్లయింట్ ఒక్కో రీడ్ టైమౌట్‌ను తప్పించుకోగలదు, డెడ్‌లైన్‌ను తప్పించుకోలేదు.

‘బ్యాడ్ రైట్ రీట్రై’ అంటే ఏంటి?

ఎస్‌ఎస్‌ఎల్_రైట్ ఒకసారి వాంట్_రైట్ ఇచ్చిందంటే ఆ డేటాను ఎన్‌క్రిప్ట్ చేసి సగం పంపి ఉండొచ్చు. మళ్లీ పిలిచేటప్పుడు అదే బఫర్, అదే డేటా ఇవ్వాలి, పొడవు తగ్గకూడదు. మధ్యలో రీఅలాక్ వల్లో, సీ++ వెక్టర్ పెరగడం వల్లో చిరునామా మారితే ఈ ఎర్రర్ వస్తుంది. డేటా అదే ఉండి చిరునామా మాత్రమే మారుతుంటే యాక్సెప్ట్_మూవింగ్_రైట్_బఫర్ మోడ్ పెట్టండి. అయితే ఆ మోడ్ పెట్టాక లోపలి డేటా మారినా లైబ్రరీ గుర్తుపట్టదు. ఆ బాధ్యత మీదే.

రైట్ వాంట్_రీడ్ ఇవ్వడం కూడా మామూలే. హ్యాండ్‌షేక్ ఇంకా పూర్తికాకపోయినా, పాత ప్రోటోకాల్‌లో రీనెగోషియేషన్ (మధ్యలో మళ్లీ హ్యాండ్‌షేక్) నడుస్తున్నా అలా వస్తుంది. రీడ్ అయ్యేందుకు సాకెట్ సిద్ధమయ్యేదాకా ఆగి, మళ్లీ రైట్‌నే పిలవాలి.

3.0కి మారగానే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఈఓఎఫ్ వైల్ రీడింగ్’ మొదలైంది. దాన్ని ఇగ్నోర్ చేసే ఆప్షన్ పెట్టి నోరు మూయించొచ్చా?

అవతలివాళ్లు క్లోజ్_నోటిఫై పంపకుండా టీసీపీ మూసేశారని దానర్థం. ఇది ముందు కూడా జరుగుతూనే ఉంది. 1.1.1లో సిస్‌కాల్, ఎర్‌నో 0 రూపంలో వచ్చేది కాబట్టి చాలా ప్రోగ్రాములు దాన్ని మామూలు ముగింపుగా తీసుకునేవి. 2020 మార్చిలో 1.1.1ఈ వెర్షన్‌లోనే ఈ మార్పు పెట్టి చూశారు. చాలా ప్రోగ్రాములు తడబడేసరికి అదే నెలాఖరున 1.1.1ఎఫ్‌లో వెనక్కి తీసుకున్నారు. 3.0లో అది స్థిరపడింది.

నోరు మూయించొచ్చా అన్నదానికి జవాబు మీ పై ప్రోటోకాల్‌లో ఉంది. మెసేజ్ ఎక్కడ ముగుస్తుందో మెసేజే చెబుతుంటే, అంటే హెచ్‌టీటీపీలో కంటెంట్ లెంగ్త్ గానీ, చంక్ ఎన్‌కోడింగ్‌లో చివరి సున్నా చంక్ గానీ ఉండి, దాన్ని మీ కోడ్ నిజంగా సరిచూస్తుంటే ఇగ్నోర్_అన్‌ఎక్స్‌పెక్టెడ్_ఈఓఎఫ్ ఆప్షన్ పెట్టుకోవచ్చు. అప్పుడు జీరో_రిటర్న్ వస్తుంది. కనెక్షన్ ముగిసిందంటే ఫైలు ముగిసింది అనుకునే ప్రోటోకాల్ అయితే పెట్టకూడదు. దారిలో ఉన్న ఎవరైనా ఒక్క ఫిన్ ప్యాకెట్ (టీసీపీ ముగింపు సూచన) కల్పించి మీ ఫైలును సగంలో నరికేస్తారు, మీరు పూర్తిగా అందిందని సేవ్ చేసుకుంటారు. క్లోజ్_నోటిఫై పుట్టిందే దీన్ని అడ్డుకోవడానికి.

ఎస్‌ఎస్‌ఎల్_షట్‌డౌన్ 0 ఇచ్చింది. ఫెయిలైనట్టా?

కాదు. మన క్లోజ్_నోటిఫై వెళ్లింది, అవతలిది ఇంకా రాలేదు, అంతే. ఇక్కడ ఎస్‌ఎస్‌ఎల్_గెట్_ఎర్రర్ పిలవకూడదు, లేని ఎర్రర్ చూపించి తప్పుదారి పట్టిస్తుంది. సాకెట్‌ను ఎలాగూ మూసేస్తుంటే ఇక్కడితో సరి. రెండు వైపులా ముగియాలంటే జీరో_రిటర్న్ వచ్చేదాకా ఎస్‌ఎస్‌ఎల్_రీడ్ పిలవండి. అప్పటికే ‘ఎస్‌ఎస్‌ఎల్’ లేదా సిస్‌కాల్ వచ్చిన కనెక్షన్ మీద షట్‌డౌన్ జోలికి పోవద్దు.

సర్వర్ ఒక్క లాగ్ లైను కూడా లేకుండా చచ్చిపోతోంది.

సిగ్‌పైప్. అవతలివాళ్లు మూసేసిన సాకెట్‌లోకి రాస్తే కెర్నెల్ ఈ సిగ్నల్ పంపుతుంది, డీఫాల్ట్‌గా ప్రాసెస్ అక్కడే ఆగిపోతుంది. షెల్‌లో ఎగ్జిట్ కోడ్ 141 కనిపిస్తే (128 + 13) ఇదే. ప్రోగ్రాం మొదట్లోనే ఆ సిగ్నల్‌ను ఇగ్నోర్ చేయండి. అప్పటినుంచి సిస్‌కాల్, ఎర్‌నో 32గా మీ చేతికి వస్తుంది. సెండ్ కాల్‌కు ఇచ్చే నోసిగ్నల్ ఫ్లాగ్ ఇక్కడ అక్కరకు రాదు, ఎందుకంటే సాకెట్‌లోకి రాసేది మీరు కాదు, లైబ్రరీ.

టీఎల్‌ఎస్ 1.3లో ఇది పెరిగింది. హ్యాండ్‌షేక్ అయ్యాక సర్వర్ సెషన్ టికెట్లు పంపుతుంది. చటుక్కున కనెక్ట్ అయి వెళ్లిపోయే హెల్త్ చెక్ క్లయింట్లు అప్పటికే మూసేసి ఉంటాయి.

ఎస్‌ఎస్‌ఎల్_గెట్_వెరిఫై_రిజల్ట్ 0 ఇచ్చింది. అంటే సర్టిఫికెట్ సరైనదేగా?

అంత తొందర వద్దు. అవతలివాళ్లు సర్టిఫికెట్ ఇవ్వకపోయినా అది 0 ఇస్తుంది. సరిచూడ్డానికి ఏమీ లేదు కాబట్టి తప్పు కూడా లేదన్న లెక్క. సర్టిఫికెట్ నిజంగా ఉందా అని విడిగా అడగాలి. ఇక సర్వర్ వైపు వెరిఫై_పీర్ ఒక్కటే పెడితే సర్టిఫికెట్ లేని క్లయింట్ దర్జాగా లోపలికి వస్తుంది. ఫెయిల్_ఇఫ్_నో_పీర్_సర్ట్ కూడా కలపాలి. మ్యూచువల్ టీఎల్‌ఎస్ (రెండు వైపులా సర్టిఫికెట్ చూపించే పద్ధతి) పెట్టామని నమ్మి, ఈ రెండో ఫ్లాగ్ లేక తలుపులు తెరిచి కూర్చున్న సర్వీసులు ఉంటాయి. సర్టిఫికెట్ లేకుండా ఒకసారి కనెక్ట్ అయి చూస్తే నిమిషంలో తేలిపోతుంది, ఈరోజే చూడండి.

క్లయింట్ వైపు సరైన వరస ఇది. డీఫాల్ట్ వెరిఫై పాత్‌లు లోడ్ చేయడం, వెరిఫై_పీర్ పెట్టడం, ఎస్‌ఎన్‌ఐ పేరు (ఏ సైటు కావాలో సర్వర్‌కు చెప్పేది) ఇవ్వడం, ఎస్‌ఎస్‌ఎల్_సెట్1_హోస్ట్‌తో హోస్ట్‌పేరు చెక్ ఆన్ చేయడం, ఆ తర్వాతే కనెక్ట్. ఒక్కోదాని రిటర్న్ 1 అవునో కాదో చూడాలి. సెట్1_హోస్ట్ ఫెయిలై మీరు పట్టించుకోకపోతే హోస్ట్‌పేరు చెక్ జరగనే జరగదు. అప్పుడు ఎవరి పేరు మీదున్న సర్టిఫికెట్ అయినా, సీఏ సంతకం ఉంటే చాలు, చెల్లిపోతుంది. డీఫాల్ట్ పాత్‌ల ఫంక్షన్ మాత్రం ఆ ఫోల్డర్ అసలు లేకపోయినా 1 ఇస్తుంది. చిన్న డాకర్ ఇమేజ్‌లలో సీఏ సర్టిఫికెట్ల ప్యాకేజీ తరచుగా ఉండదు కాబట్టి, కోడ్ అంతా సరిగ్గా ఉన్నా అక్కడ వెరిఫై రిజల్ట్ 20 వస్తుంది.

రిజల్ట్ నంబర్లలో 9 అంటే సర్టిఫికెట్ చెల్లుబాటు తేదీ ఇంకా రాలేదు (ఎక్కువసార్లు మన గడియారమే తప్పు), 10 గడువు దాటింది, 18 సెల్ఫ్ సైన్డ్, 20 జారీచేసినవాళ్లు మన దగ్గర లేరు, 21 మొదటి సర్టిఫికెట్ సంతకాన్ని సరిచూడలేకపోయాం, 62 హోస్ట్‌పేరు కలవలేదు. 20, 21 కొన్ని క్లయింట్లలోనే వస్తూ బ్రౌజర్‌లో రాకపోతే, సర్వర్ ఇంటర్మీడియట్ సర్టిఫికెట్ (తన సర్టిఫికెట్‌ను రూట్ సీఏతో కలిపే మధ్య సర్టిఫికెట్) పంపడం లేదేమో చూడండి. సర్వర్ కోడ్‌లో యూజ్_సర్టిఫికెట్_ఫైల్ అని ఉంటే అది ఫైల్లోని మొదటి సర్టిఫికెట్ ఒక్కటే తీసుకుంటుంది. దాన్ని యూజ్_సర్టిఫికెట్_చైన్_ఫైల్‌గా మార్చండి.

వెరిఫై కాల్‌బ్యాక్ ఎప్పుడూ 1 ఇస్తుంటే పైదంతా వృథా. టెస్టింగ్ కోసమని పెట్టి మర్చిపోయినవే ఎక్కువ. కాల్‌బ్యాక్ పని లాగ్ రాయడమే అయితే, తనకు అందిన ప్రీవెరిఫై విలువనే తిరిగి ఇవ్వాలి.

‘టీఎల్‌ఎస్‌వీ1 అలర్ట్ అన్‌నోన్ సీఏ’ వచ్చింది. మా సీఏ ఫైలు సరిగ్గానే ఉందే?

మీది కాదు, వాళ్లది. ఎర్రర్ పేరులో ‘అలర్ట్’ ఉందంటే అది అవతలినుంచి వచ్చిన మాట. మీ సర్టిఫికెట్‌ను వాళ్లు నమ్మలేదు. మీరు వాళ్లది నమ్మకపోతే కనిపించేది ‘సర్టిఫికెట్ వెరిఫై ఫెయిల్డ్’. ఈ దిక్కు తేల్చుకోకుండా సీఏ ఫైళ్లు మార్చుకుంటూ పోతే రోజులు గడిచిపోతాయి.

కోడ్‌లో కూడా దిక్కు కనిపిస్తుంది. 3.ఎక్స్‌లో ఈ ఎర్రర్ 0ఏ000418. చివరి 418 హెక్సాడెసిమల్, దశాంశంలో 1048. వచ్చిన అలర్ట్‌కు 1000 కలిపి కారణం నంబరు ఇస్తారు కాబట్టి అలర్ట్ 48, అంటే అన్‌నోన్ సీఏ. ఇదే పద్ధతిలో 40 అయితే హ్యాండ్‌షేక్ ఫెయిల్యూర్, 45 గడువు దాటిన సర్టిఫికెట్, 70 ప్రోటోకాల్ వెర్షన్, 116 సర్టిఫికెట్ అడిగినా ఇవ్వలేదు.

‘రాంగ్ వెర్షన్ నంబర్’ చూసి టీఎల్‌ఎస్ వెర్షన్లు మార్చడం మొదలుపెట్టకండి. చాలాసార్లు అవతల టీఎల్‌ఎస్సే ఉండదు. 80వ పోర్టుకో, స్టార్ట్‌టీఎల్‌ఎస్ (మామూలు కనెక్షన్‌ను టీఎల్‌ఎస్‌కు మార్చే కమాండ్) అడగాల్సిన 587కో, ప్రాక్సీ ఇచ్చిన మామూలు హెచ్‌టీటీపీ ఎర్రర్ పేజీకో తగిలి ఉంటారు.

కనెక్ట్ సక్సెస్ అయ్యింది, మొదటి రీడ్‌లో సర్టిఫికెట్ ఎర్రర్ వచ్చింది. ఇదెలా?

టీఎల్‌ఎస్ 1.3లో క్లయింట్ తన చివరి మెసేజ్ పంపగానే దాని వరకు హ్యాండ్‌షేక్ ముగిసినట్టే. సర్వర్ క్లయింట్ సర్టిఫికెట్‌ను చూసేది ఆ తర్వాత. తిరస్కరిస్తే అలర్ట్ మొదటి రీడ్‌లోనే దొరుకుతుంది. ‘కనెక్ట్ దగ్గర వస్తే సర్టిఫికెట్ సమస్య, రీడ్ దగ్గర వస్తే నెట్‌వర్క్ సమస్య’ అని విడగొట్టిన 1.2 కాలపు కోడ్ ఇక్కడ తప్పుతుంది, పైగా నెట్‌వర్క్ అనుకుని రీట్రై చేస్తూ పోతుంది. ఎక్కడ వచ్చిందన్నది వదిలేసి, ఏ కారణం వచ్చిందో చూసి నిర్ణయించండి.

ఏ ఎర్రర్‌కు రీట్రై చేయాలి?

రీసెట్, టైమౌట్‌లకు చేయొచ్చు, ప్రతిసారీ విరామం పెంచుతూ. సర్టిఫికెట్ ఫెయిలైతే చేయకూడదు. ఫెయిలైందని చెక్‌ను సడలించి గానీ, పాత వెర్షన్‌కు దిగి గానీ మళ్లీ ప్రయత్నించడం అన్నింటికంటే చెడ్డది. బ్రౌజర్లు హ్యాండ్‌షేక్ కుదరకపోతే మెల్లగా ఎస్‌ఎస్‌ఎల్ 3.0 దాకా దిగేవి. 2014లో వచ్చిన పూడిల్ దాడి ఆ అలవాటునే వాడుకుంది. దారిలో ఉన్నవాడు రెండు మూడు హ్యాండ్‌షేక్‌లు చెడగొడితే చాలు. అలాంటి దిగుడును సర్వర్ గుర్తుపట్టేందుకు 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7507 వచ్చింది.

ఎస్‌ఎస్‌ఎల్_రైట్ సక్సెస్ అయిందంటే డేటా మీ కెర్నెల్ దాకా చేరిందనే, అవతలివాళ్లకు అందిందని కాదు. తర్వాత కనెక్షన్ తెగితే డబ్బు బదిలీ లాంటి రిక్వెస్టును గుడ్డిగా మళ్లీ పంపకండి. రిక్వెస్టుకు ఒక ప్రత్యేక ఐడీ పెట్టి, సర్వర్ దాన్ని గుర్తుపట్టేలా చూసుకోండి.

లాగ్‌లో ఏం రాయాలి, అవతలివాళ్లకు ఏం చెప్పాలి?

లాగ్‌లో ఫంక్షన్ పేరు, రిటర్న్ విలువ, గెట్_ఎర్రర్ కోడ్, దాచుకున్న ఎర్‌నో, వెరిఫై రిజల్ట్, టీఎల్‌ఎస్ వెర్షన్, అవతలి చిరునామా ఉండాలి. క్యూలో ఒకటి తీసి ఆపకండి, ఈఆర్‌ఆర్_గెట్_ఎర్రర్ 0 ఇచ్చేదాకా లాగండి. మొదట వచ్చేది అన్నింటికంటే పాతది, అసలు కారణం తరచుగా అదే. టెక్స్ట్‌గా మార్చడానికి ఈఆర్‌ఆర్_ఎర్రర్_స్ట్రింగ్_ఎన్ వాడి 256 బైట్ల బఫర్ ఇవ్వండి. ‘ఎన్’ లేనిదానికి నల్ ఇస్తే అన్ని థ్రెడ్లూ పంచుకునే ఒకే స్టాటిక్ బఫర్ వాడుతుంది.

అవతలివాళ్లకు ఇవేవీ వెళ్లకూడదు. ప్యాడింగ్ (బ్లాక్ నింపే అదనపు బైట్లు) తప్పా, మ్యాక్ (డేటా మారలేదని చూపే కోడ్) తప్పా అన్న ఒక్క తేడా తెలిసినా సైఫర్ విప్పొచ్చని 2002లో క్రిప్టోగ్రాఫర్ వోదెనే చూపించాడు. ఎర్రర్ మాట ఒకటే చేసినా, జవాబు రావడానికి పట్టిన సమయంలోని తేడా చాలని 2013లో లక్కీ థర్టీన్ దాడి చూపించింది. లైబ్రరీ తన వంతు జాగ్రత్త తీసుకుంటుంది. మీరు క్యూలోని టెక్స్ట్‌ను జవాబులో అతికించి దాన్ని పాడుచేయకండి.

ఎర్రర్ దారిలో మెమరీ, సాకెట్ లీకవుతున్నాయి.

ఎస్‌ఎస్‌ఎల్_సెట్_ఎఫ్‌డీతో ఇచ్చిన సాకెట్‌ను ఎస్‌ఎస్‌ఎల్_ఫ్రీ మూయదు. మీరే మూయాలి. ఎస్‌ఎస్‌ఎల్_సెట్_బయోతో ఇచ్చిన బయోను (లైబ్రరీ ఇన్‌పుట్, అవుట్‌పుట్ ఆబ్జెక్ట్‌ను) మాత్రం అదే విడుదల చేస్తుంది, మీరు మళ్లీ చేస్తే డబుల్ ఫ్రీ. గెట్1_పీర్_సర్టిఫికెట్ ఇచ్చిన సర్టిఫికెట్‌ను ఎక్స్509_ఫ్రీ చేయాలి. ఈ ఫ్రీ ఫంక్షన్లన్నీ నల్‌ను సహిస్తాయి కాబట్టి పాయింటర్లన్నీ నల్‌తో మొదలుపెట్టి, ఒకే క్లీనప్ చోటు పెట్టుకుంటే సరిపోతుంది.

ఇవన్నీ టెస్ట్ చేయడమెలా? ఎర్రర్లు అడిగినప్పుడు రావు కదా.

రప్పించవచ్చు. క్లోజ్_నోటిఫై లేని ముగింపు కావాలంటే సర్వర్‌ను కిల్ -9 చేయండి. రీసెట్ కావాలంటే టెస్ట్ సర్వర్‌లో లింగర్ ఆప్షన్ ఆన్ చేసి సమయం 0 పెట్టి సాకెట్ మూయండి. వాంట్_రైట్ కావాలంటే సెండ్ బఫర్ చిన్నది చేసి, అవతల చదవడం ఆపేయండి. సర్టిఫికెట్ల కోసం సొంత టెస్ట్ సీఏతో గడువు దాటినది, పేరు తప్పినది, సెల్ఫ్ సైన్డ్, ఇంటర్మీడియట్ లేనిది తయారుచేసుకోండి. చేత్తో చూసుకోవడానికి బ్యాడ్‌ఎస్‌ఎస్‌ఎల్.కామ్ ఉంది. ప్రతి టెస్టూ కనెక్షన్ ఫెయిల్ అయితేనే పాస్ కావాలి, అదీ మీరు అనుకున్న కారణంతోనే. వేరే కారణంతో ఫెయిలైనా పచ్చగా కనిపించే టెస్ట్ మోసం చేస్తుంది.

ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ కమాండ్ ఎస్_క్లయింట్‌తో చూసేటప్పుడు ఒక జాగ్రత్త. సర్టిఫికెట్ తప్పైనా అది డీఫాల్ట్‌గా ముందుకే పోతుంది. -వెరిఫై_రిటర్న్_ఎర్రర్ ఇస్తేనే ఆగుతుంది, హోస్ట్‌పేరు కూడా చూడాలంటే -వెరిఫై_హోస్ట్‌నేమ్ ఇవ్వాలి.

కంపైలర్ సాయం తీసుకోండి. జీసీసీ 6 నుంచి -వాల్‌లో భాగమైన మిస్‌లీడింగ్ ఇండెంటేషన్ హెచ్చరిక ఆ రెండో గోటు లాంటిదాన్ని పట్టుకుంటుంది. మీ వెరిఫై ఫంక్షన్లకు వార్న్_అన్‌యూజ్డ్_రిజల్ట్ ఆట్రిబ్యూట్ పెట్టి, హెచ్చరికలను ఎర్రర్లుగా మార్చండి.

వేల లైన్ల పాత కోడ్ చేతికొచ్చింది. ఎక్కడినుంచి మొదలుపెట్టాలి?

తప్పుగా సక్సెస్ అయ్యే చోట్ల నుంచి. ముందు వెరిఫై_నన్ కోసం, ఎప్పుడూ 1 ఇచ్చే కాల్‌బ్యాక్‌ల కోసం గ్రెప్ చేయండి. తర్వాత సెట్1_హోస్ట్ అసలు ఉందా, ఉంటే రిటర్న్ చూస్తున్నారా చూడండి. మూడోది, వెరిఫై అన్న పేరున్న ప్రతి కాల్ దగ్గర పోలిక 1తోనేనా అన్నది. వేలాడటం, సీపీయూ, లీకులు ఇవన్నీ ఆ తర్వాతే. ఒక్కో మార్పుకూ ముందు, పాత కోడ్ మీద ఫెయిలయ్యే టెస్ట్ ఒకటి రాసి పెట్టుకోండి. వెరిఫికేషన్ బిగించగానే ఇన్నాళ్లూ తప్పుడు సర్టిఫికెట్లతో నడిచిన క్లయింట్లు తెగిపోతాయి. కాబట్టి ముందు ఒకటి రెండు వారాలు వెరిఫై రిజల్ట్‌ను లాగ్‌లో మాత్రమే రాసి, ఎవరెవరు తెగుతారో జాబితా తీసి, వాళ్లకు ముందే చెప్పండి. గడువు తేదీ ప్రకటించి, ఆ రోజున బిగించేయండి.